తోడుపెట్టిన నీరు

నాగేంద్రమ్మను మంచి మనిషి అని నరసరావుపేటలో మా వీధివాళ్ళెవరూ అనరు. శుభ్రమైన మనిషి అంటారు. ఆ మాటను మెచ్చుకోలుగా అనేవాళ్ళు కొందరు, విసుగుతో అనేవాళ్ళు కొందరు. ఆమె రెండింటినీ ఒకే తీరుగా స్వీకరించేది. శుభ్రతకు వేరుగా మంచితనం అనేది ఒకటి ఉంటుందని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

ఆమె పుట్టింది గురజాల వైపు, నాపరాతి నేలల ఊళ్ళో. అక్కడ వేసవి వచ్చిందంటే బావులు అడుగంటేవి. ఒక్క బిందెడు నీళ్ళతో ముఖం కడిగి, ఆ నీళ్ళతోనే కాళ్ళు కడిగి, ఆ కాళ్ళు కడిగిన నీళ్ళు వృథా పోకుండా తులసి మొదట్లో పోయడం తల్లి నేర్పిన విద్య. నీళ్ళు చాలినన్ని దొరికే ఇంటికి వెళ్ళిన నాడు అన్నిటినీ తన తృప్తిమేరకు కడుక్కుంటానని చిన్నప్పుడు ఆమె అనుకునేదట. పత్తి వ్యాపారం చేసే గురునాథం ఇంటికి కోడలై వచ్చిన రోజున పెరట్లో కుళాయి కనిపించింది. ఆ తరువాత నలభై ఏళ్ళుగా ఆ కుళాయికి విశ్రాంతి లేదు.

ఆమెకు శత్రువు కూడా ఇంట్లోనే దొరికింది. అది పత్తి నూగు. గురునాథం చొక్కా మడతల్లో, చెవుల మీద, కనుబొమల్లో ఆ నూగు ప్రతి సాయంత్రమూ ఇంటికి వచ్చేది. గుమ్మం బయట నిలబెట్టి తువ్వాలుతో దులిపిన తరువాతే ఆయనకు లోపలికి ప్రవేశం. "రైతులందరూ నన్ను చూసి లేచి నిలబడతారే. ఇంటికొస్తే నువ్వేమో పరుపును దులిపినట్టు దులుపుతావు" అని ఆయన గట్టిగా నవ్వేవాడు. ఆయన గొంతు పెద్దది. పత్తి మార్కెట్ యార్డులో ఈ చివర బేరమాడితే ఆ చివర బండి దించుకుంటున్న రైతు తలెత్తి చూసేవాడు.

ఆ గొంతు రెండేళ్ళ కిందట ఒక ఉదయం ఆగిపోయింది. పక్షవాతం కుడిచేతినీ మాటనూ ఒకేసారి తీసుకుపోయింది. ప్రాణం దక్కింది, బుద్ధి చెడలేదు. కాని చెప్పవలసిన మాట నోటిదాకా వచ్చి దారి తప్పేది. వారాలు గడిచినా ఆయన పెదవులు ఒక్క అక్షరాన్నీ పట్టుకోలేకపోయాయి. ఒకనాడు ఆసుపత్రి వరండాలో చక్రాల కుర్చీలో కూర్చుని వంతు కోసం ఎదురుచూస్తుండగా, గోడవారన ఉన్న చేపల తొట్టి వైపు ఆయన ఎడమచెయ్యి లేచింది. "దా" అన్నాడు. రమ్మని పిలిచే ఆ ఒక్క మాట. చేప వచ్చిందో లేదో ఎవరూ గమనించలేదు. నాగేంద్రమ్మ మాత్రం ఆయన నోటినే చూస్తూ ఉండిపోయింది.

ఆ వారంలోనే కొడుకు ఫణి, తండ్రి తరువాత వ్యాపారం చూసుకుంటున్నవాడు, మంచమంత పొడవున్న గాజుతొట్టి ఒకటి కొని ముందుగదిలో పెట్టించాడు. శాకాహారుల ఇంటికి చేపలు వచ్చాయన్న వార్త ప్రహరీగోడ దాటడానికి ఎంతోసేపు పట్టలేదు. పక్కింటి అబిదా గోడమీద మోచేతులు ఆనించి పలకరించింది.

"ఏంది పిన్నీ, మేం చేపలు తెస్తే ముక్కు మూసుకుంటావు. నువ్వు ఏకంగా కాపురానికే తెచ్చుకున్నావంటగా."

"మీరు తెచ్చేది పులుసులోకి. ఇయ్యి మీ బాబాయి కోసం తెస్తన్నాం. వాసన కొట్టిందంటే మాత్రం గోడమీంచి నీకే అందిస్తా."

"అందించు పిన్నీ. మసాలా నూరి పెట్టుకుంటా."

నిజానికి తొట్టి వచ్చింది గాని చేపలు ఇంకా రాలేదు. ముందుగా నీటిని శుభ్రపరచే సాధనం ఒకటి ఎంచుకోవాలి. పల్నాడు రోడ్డులో రంగుచేపలు అమ్మే సుహైల్ దుకాణానికి తల్లీ కొడుకులు వెళ్ళారు. సుహైల్ మాటకారి.

"పెద్దమ్మా, మీరడిగే ఆస్కార్ చేప మనిషిని గుర్తుపడద్ది. పిలిస్తే వస్తది, చేతిలోంచి తింటది. కాకపోతే చానా తిండిపోతు. ఎంత తింటదో అంత పాడు చేస్తది. ఆ పాడంతా నీళ్ళల్లోనే ఉంటే దానికదే విషం. అందుకని ఫిల్టర్ గట్టిది ఉండాల."

మూడు రకాలు చూపించాడు. తొట్టి నెత్తిన పళ్ళెంలా కూర్చునేది ఒకటి: మోటారు నీటిని పైకి తోడి దూది మీద, స్పాంజి మీద పోస్తే, అది వడకట్టి కిందికి వదులుతుంది. మూత బిగించిన డబ్బా రెండోది: గొట్టాలతో తొట్టి కింద దాక్కుని పనిచేస్తుంది, బయటికి ఏమీ కనిపించదు. మూడోది సంపు. ఆ మాట వినగానే నాగేంద్రమ్మ అడ్డుపడింది.

"సంపు మా ఇంటిముందు ఉందిగా. మళ్ళీ ఇంకోటి ఎందుకు?"

"అది నేలలో సంపు పెద్దమ్మా. ఇది తొట్టికింద పెట్టే గాజు సంపు. గదులు గదులుగా ఉంటది. పైనీళ్ళు కిందికి దిగి, ఒక్కో గదీ దాటుకుంటా పోయి, మళ్ళీ పైకొస్తయి."

ఆమె మూడింటినీ తిప్పితిప్పి చూసింది. తరువాత ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"వీటిల్లో కడగడానికి ఏది సులువు?"

సుహైల్ తల గోక్కున్నాడు. "నెత్తిన పెట్టేదే. కానీ ఎప్పుడన్నా ఒకసారి కాస్త పిండితే చాలు. ఎక్కువ కడగబాకండి."

"ఎందుకని?"

"ఎందుకంటే నాకూ సరిగ్గా తెలవదు పెద్దమ్మా. కడిగితే చేపలకు పడదు, అంతే."

దారిలో ఆమె కొడుకుతో అంది: "బద్ధకస్తుడు. కడగొద్దని చెప్పే కొట్టువాణ్ణి వీణ్ణే చూశా."

నెత్తిన పెట్టే పళ్ళెమే ఇంటికి వచ్చింది. ఆ వెంటే చేపలు వచ్చాయి: రెండు ఆస్కార్లు, వాటికి తోడు చిలకముక్కు చేపలు, వెండిబిళ్ళల్లాంటివి మరికొన్ని. ఆస్కార్లలో పెద్దది నల్లని ఒళ్ళు గలది. బూడిద కింద నిప్పు కనిపించినట్టు ఆ నలుపులో ఎర్రని మచ్చలు మెరిసేవి. అది గురునాథం కుర్చీ కదలికను గుర్తుపట్టేది. ఆయన "దా" అనగానే అద్దం దగ్గరికి వచ్చి, నీటిపైకి మూతి చాచేది. మొదట ఎడమచేత్తో మేత వేసేవాడు. ఒకనాడు ఎవరూ చెప్పకుండానే మేతగోళీని కుడిచేతి వేళ్ళతో పట్టుకోవడానికి ప్రయత్నించాడు. జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాడు. వ్యాయామం చేయించే వైద్యుడు నెలల తరబడి బతిమాలినా కదలని వేళ్ళు, ఒక చేప నోరు తెరిచి ఎదురుచూస్తున్నదన్న కారణంతో కదిలాయి. ఆ కదలికను నాగేంద్రమ్మ ఎవరికీ చెప్పలేదు. చెబితే దిష్టి తగులుతుందని భయం.

ఆమె తొట్టిని దేవుడి గదితో సమానం చేసింది. చేప విష్ణుమూర్తి అవతారం కాబట్టి అద్దానికి పసుపూ కుంకుమా బొట్టు పెట్టింది. తలస్నానం చేసి మడికట్టుకుంటే తప్ప దాన్ని ముట్టుకునేది కాదు. ప్రతి శుక్రవారం పళ్ళెం దించి, స్పాంజినీ దూదినీ మరిగే నీళ్ళలో వేసి, కుళాయి కింద తెల్లగా వచ్చేదాకా పిండి, మడిబట్టలు ఆరేసే దండెం మీద కర్రతో ఆరేసేది. ఎండకు పెళుసెక్కిన ఆ స్పాంజిని మళ్ళీ పళ్ళెంలో పరుస్తున్నప్పుడు ఆమె ముఖంలో, కొత్తచీర మడత విప్పే మనిషి ముఖంలో ఉండే తృప్తి ఉండేది.

చేపలు చావడం మొదలయింది. ముందు వెండిబిళ్ళలు పోయాయి, తరువాత చిలకముక్కులు. నీళ్ళు బియ్యం కడుగులా తెల్లబడేవి. చేపలు పైకి వచ్చి గాలి కోసం నోళ్ళు తెరిచేవి. ఒకటి రెండు రోజుల్లో ఏదో ఒకటి తేలేది. నాగేంద్రమ్మ దీన్ని చూసి తేల్చుకున్న సంగతి ఆమెకు సహజమైనదే: కడిగింది చాలడం లేదు. శుక్రవారానికి మంగళవారం కూడా చేరింది. ఆమె తర్కంలో లోపం లేదు. లోపం ఉన్నది ఆ తర్కం నిలబడ్డ నేలలో. అలాంటి నేల మీద నిలబడి మహా పండితులు కూడా ఎంతెంతో దూరం నడిచారు.

ఫణి ఫోనులో వీడియోలు చూసేవాడు. ఒకరోజు కాఫీ తాగుతూ అన్నాడు: "అమ్మా, ఫిల్టర్లో మంచి సూక్ష్మజీవులు ఉండాలంట. కడిగితే అవి పోతాయంట."

"పురుగుల్ని పెంచమంటాడా ఆ వీడియోవాడు? వాడి ఇంట్లో పెంచుకోమను."

"నేనూ నమ్మలేదులే. ఇదిగో, ఈ డబ్బా ఫిల్టర్ చూడు. లోపల నీలం లైటు ఉంటది. నీళ్ళల్లో ఒక్క క్రిమిని కూడా మిగల్చదంట."

"అది తెలివైనోడు చేసింది. కనుక్కో."

ఒకరు వేడినీళ్ళను నమ్మారు, ఒకరు నీలం దీపాన్ని నమ్మారు. తల్లికీ కొడుకుకీ మధ్య తరం మారింది గాని విశ్వాసం మారలేదు.

చిన్న ఆస్కార్ కూడా పోయిన రోజున గురునాథం కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ ఎత్తలేదు. భోజనం వద్దని తల తిప్పుకున్నాడు. వ్యాయామానికి వచ్చిన మనిషిని గుమ్మంలోంచే పంపించవలసి వచ్చింది. కొన్నాళ్ళకు పెద్ద ఆస్కార్ పిలవకుండానే అద్దం దగ్గరికి వచ్చి నిలబడితే, దాని ఆకలికి జాలిపడి కాబోలు, ఆ చెయ్యి తిరిగి లేచింది. కాని ఆ చేప కూడా అప్పటికే వెలిసిపోతోంది. నిప్పుమచ్చలు బూడిదరంగుకు తిరిగాయి. అది కూడా పోతే ఆ చెయ్యి మరి లేవదని నాగేంద్రమ్మకు తెలుసు. ఆ సంగతి తెలిసిన మనిషి ఇంకా గట్టిగా తోమడం తప్ప మరేం చేయాలో తెలియక ఇంకా గట్టిగా తోమింది.

ఆ సమయంలో క్రోసూరులో గురునాథానికి దాయాది అన్న ఒకాయన చనిపోయాడు. ఇంటికి మైల వచ్చింది. దేవుడి గది తలుపు మూసి, దీపం మానేశారు. తొట్టిని దేవుడి గదితో సమానం చేసింది తానే కనుక, దాన్ని ముట్టుకునే వీలు ఆమెకు లేకుండా పోయింది. జీవానికి మేత వేయడానికి మైల అడ్డు కాదని మాత్రం తనే తీర్పు చెప్పింది. గురునాథం మేత వేస్తూనే ఉన్నాడు. మోటారు తిరుగుతూనే ఉంది. ఆ మైల తీరే ముందురోజున నాదెండ్లలో దాయాదుల ఇంట మనుమడు పుట్టాడని కబురు వచ్చింది. అంటే మళ్ళీ పురుటి మైల.

"చచ్చినా మైలే, పుట్టినా మైలేనా పిన్నీ?" అని అబిదా అడిగింది.

"రెండూ మైలే. మన చేతిలో లేనిది ఏది జరిగినా మైలే."

తీర్పులా చెప్పి ఊరుకుంది గాని ఆమె పడిన అవస్థ చెప్పరానిది. పళ్ళెంలోని స్పాంజి ముందు పసుపుబారింది, తరువాత బెల్లంరంగుకు తిరిగింది, ఆ తరువాత జిగురుపట్టి కాఫీపొడి తడిసినట్టు తయారయింది. చూడలేక దానిమీద పాత తువ్వాలు కప్పించింది. ఆ తువ్వాలు కింద ఏం జరుగుతోందో ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు. తొట్టిలో మాత్రం నీరు రోజురోజుకూ తేటపడింది. తొట్టికి అటువైపు గోడమీది క్యాలెండరులో తిథులు నీళ్ళలోంచి ఇటు చదవవచ్చు. పెద్ద ఆస్కార్ ఒంటిమీద నిప్పు మళ్ళీ రాజుకుంది. గురునాథం కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ గోళీని జారనివ్వకుండా పట్టుకోవడం నేర్చుకున్నాయి. ఫణి ఇదంతా వాతావరణం చల్లబడినందువల్ల అన్నాడు. నాగేంద్రమ్మ ఈమధ్య తెప్పించిన కొత్త మేత మహిమ అంది.

మైల తీరింది. పురోహితుడు వచ్చి పుణ్యాహవాచనం చేసి ఇల్లంతా మంత్రజలం చల్లి వెళ్ళాడు. ఇన్నాళ్ళ బాకీ తీర్చుకున్నట్టు నాగేంద్రమ్మ గడపలు, గోడలు, గిన్నెలు, చివరికి కిటికీ ఊచలు కూడా కడిగింది. స్పాంజిని మరిగే నీళ్ళలో రెండుసార్లు ఉడికించింది. తొట్టి అడుగున ఉన్న గులకరాళ్ళను కూడా తీసి తోమి ఎండబెట్టింది. సాయంత్రానికి ఆ ఇంట్లో అగరువత్తి వాసన తప్ప మరే వాసనా లేదు.

మర్నాడు పొద్దు వాలే వేళకు చేప అడుగున ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. మొప్పలు ఎర్రగా తెరుచుకుని మూసుకుంటున్నాయి. గురునాథం గోళీని వేళ్ళతో పట్టుకుని నీటిపైన చెయ్యి చాచాడు. "దా" అన్నాడు. కాసేపాగి మళ్ళీ అన్నాడు. అది కదలలేదు. ఆయన చెయ్యి వెనక్కు తీసుకోలేదు. వేళ్ళ చెమ్మకు గోళీ మెత్తబడి, కరిగి, బొట్లుబొట్లుగా నీళ్ళలోకి కారింది.

తడిగుడ్డతో అద్దం తుడుస్తున్న నాగేంద్రమ్మ ఆగిపోయింది. ఆమె చూపు చేపమీంచి పైకి వెళ్ళింది. అక్కడ తెల్లని స్పాంజి, తెల్లని దూది, మల్లెల్లా ఉన్నాయి. మైల పట్టినన్నాళ్ళూ బతికినది శుద్ధి చేసిన మర్నాడు పడిపోయింది. ఈ మాటను ఆమెకు ఎవరూ చెప్పలేదు. కడగొద్దని చెప్పినప్పుడు ఆమె వినలేదు. ఇప్పుడు తన కడిగిన చేతులే చెప్పాయి.

"ఒరేయ్ ఫణీ" అంది, గొంతు పెంచకుండా. "వాటన్నిటినీ చంపింది నేనేరా. దీన్ని కూడా నేనే చంపతన్నా."

ఫణి ఏదో అనబోయేలోగా ప్రహరీగోడ మీద గిన్నె చప్పుడయింది.

"పిన్నీ, కాస్త పెరుగుచుక్క పెట్టు. మా గిన్నె పిల్లి నాకేసింది. పాలు కాచి కూర్చున్నా, తోడెయ్యడానికి లేదు."

నాగేంద్రమ్మ వంటింట్లోకి వెళ్ళింది. పెరుగుగిన్నె మూత తీసి, చెంచా ముంచి, అలాగే నిలబడిపోయింది. ఎంత మంచి పాలైనా తమంతట తాము పెరుగు కాలేవు. మొదటి చుక్క ఎక్కడినుంచో రావాలి. ఆ చుక్కలో ఏముందో ఆమె ఎన్నడూ చూడలేదు, చూడాలని అనుకోనూ లేదు. కాని దాన్ని వేడిపాలలో వేయకూడదని తెలుసు, వేస్తే చచ్చిపోతుందని తెలుసు. 'చచ్చిపోతుంది' అనే మాటనే ఆమె తల్లి వాడేది. బతికి ఉన్నదే కదా చచ్చిపోతుంది.

అబిదా చేతిలో గిన్నె పెట్టి, "నువ్వెళ్ళి మీ బాబాయి దగ్గర కూర్చో. నేనొచ్చేదాకా కదలొద్దు" అని చెప్పి, స్టీలు బకెట్ పట్టుకుని ఆటో ఎక్కింది. ఫణి కూడా బయలుదేరబోతే, నిల్వపెట్టిన నీళ్ళతో తొట్టిలో సగం నీళ్ళు మార్చమని అతనికి పని పురమాయించింది.

సుహైల్ దుకాణంలో గిరాకీ లేదు.

"నాయనా, కడగని స్పాంజి ఉందా నీ దగ్గర?"

"కొత్తయి చానా ఉన్నయి పెద్దమ్మా."

"కొత్తది కాదయ్యా. మురికిది. ఎంత పాతదైతే అంత మంచిది. చేపలు బాగా బతికే తొట్లోది."

సుహైల్ ఆమె ముఖంలోకి చూసి హాస్యమాడబోయి మానుకున్నాడు. తన దుకాణంలో అన్నిటికన్నా పెద్ద తొట్టిలోంచి నల్లగా, బరువుగా, నాచువాసన వేస్తున్న స్పాంజి తీశాడు. ఆ తొట్టి నీళ్ళే బకెట్లో పోసి అందులో ముంచాడు. "ఆరనీయకండి" అన్నాడు.

"ఎంతియ్యాల?"

"మురికికి రేటు కట్టడం నాకు చేతగాదు. అడిగిన మొదటి మనిషి మీరే."

"అదీ నిజమేలే. తోడుకు డబ్బులు తీసుకునే ఇల్లు ఎక్కడన్నా ఉందా?" అని ఆమె బకెట్ ఎత్తుకుంది.

ఆమెను ఎరిగినవాళ్ళు ఆ ప్రయాణాన్ని సులువుగా ఊహించుకోలేరు. ఊహించడం నాకు కూడా కష్టంగానే ఉంటుంది. ఆటో కుదుపులకు ఆ నీళ్ళు తుళ్ళి చీరమీద పడ్డాయి. ఆమె బకెట్‌ను దూరం జరపలేదు. పమిటచెంగు తడిపి పైన కప్పింది, గాలికి ఆరకుండా. ఇంటికి వచ్చి, స్నానం చేయకుండా, మడి కట్టుకోకుండా, తన ఉడికించిన తెల్లని స్పాంజిని తీసి కిందపడేసి, దాని స్థానంలో ఆ నల్లటిదాన్ని తన చేత్తోనే పరిచింది. గోధుమరంగు నీరు ఒక పాయగా తొట్టిలోకి దిగింది.

"నిన్ననే గదమ్మా శుద్ధి చేయించింది" అన్నాడు ఫణి.

"చేయించాను. అందుకే పడుకుంది అది."

ఆ చేప లేవడానికి రోజులు పట్టింది. ముందు నిటారుగా నిలబడింది. తరువాత మూలనుంచి కదిలింది. మేత మాత్రం ముట్టలేదు. గురునాథం కుర్చీలోంచి కదలలేదు, కుడిచేతిని ఒళ్ళోంచి తీయనూ లేదు. ఈలోగా శాశ్వతమైన ఏర్పాటు ఒకటి కావాలని అందరికీ అర్థమయింది. సుహైల్ ఇంటికే వచ్చాడు. ఫణి నీలం దీపపు డబ్బా బొమ్మ చూపించాడు.

"పనిచేసేదే. కాకపోతే మన దగ్గర కరెంటు చానాసేపు పోయిందనుకో, మూసిన డబ్బాలో నీళ్ళు మురిగిపోతయి. వచ్చినాక ఆ మురుగంతా పైకి కొడతది" అన్నాడు సుహైల్.

"ఇన్వర్టరుకి కలుపుదాం. బయటికి ఏమీ కనపడదు, ముందుగది శుభ్రంగా ఉంటది. ఏమంటావమ్మా?"

"వద్దురా. దానికి మూత ఉంది."

"ఉంటే?"

"మూత ఉంటే తీస్తా. లోపల ఏముందోనని తీస్తా. తీస్తే కడుగుతా. నా సంగతి నాకు తెలుసు." ఆమె సుహైల్ వైపు తిరిగింది. "ఆ గాజు సంపు పెట్టు నాయనా. అద్దంలోంచి చూస్తా ఉంటా. చేయి పెట్టను."

ఒక సాధనాన్ని దాని గుణాలు చూసి ఎంచుకోవడం అందరూ చేసేదే. తన గుణం చూసి ఎంచుకున్న మనిషిని నేను ఎక్కువగా చూడలేదు.

సంపు తొట్టి కిందనున్న అరలో కుదిరింది. మొదటి గదిలో ముతక చెత్తను పట్టే దూది. రెండో గదిలో ఆ నల్ల స్పాంజి, దాని చుట్టూ బోలుగా ఉన్న తెల్లని మట్టి ఉంగరాలు. మూడో గదిలో నీటిని తిరిగి పైకి పంపే మోటారు. "ఈ దూది మీది పెద్దమ్మా, ఎన్నిసార్లయినా మార్చుకోండి. ఆ రెండో గది మాత్రం…" అని సుహైల్ నసిగాడు.

"దాని జోలికి పోను. అది వాటి ఇల్లు."

ఆ తరువాత ఆమె దినచర్యలో ఒక కొత్త పని చేరింది. అది ఏమీ చేయకపోవడం. పనులన్నీ ముగించుకుని అర తలుపు తెరిచి, పీట వేసుకుని, రెండో గది ముందు కూర్చునేది. తెల్లని ఉంగరాలు ఒక వైపునుంచి మెల్లగా గోధుమరంగుకు తిరుగుతున్నాయి. స్పాంజికి దగ్గరగా ఉన్నవి ముందు, దూరంగా ఉన్నవి తరువాత. ఎవరు పూస్తున్నారో కనిపించని ఆ రంగు ఒక్కొక్క ఉంగరాన్నే ఆక్రమించుకుంటూ పోయింది. విషం కలిసిన నీళ్ళు ఆ గదిలోకి వెళ్ళేవి, బతకదగిన నీళ్ళు బయటికి వచ్చేవి. మధ్యలో ఏ కదలికా లేదు, ఏ చప్పుడూ లేదు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని చూసేది, తీసి చూసేది. కనిపించేది ఏమీ లేదు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు లెక్కలేనంత మంది అక్కడ ఒకరి మలాన్ని ఒకరు తింటూ, క్షణక్షణమూ పుడుతూ, క్షణక్షణమూ పోతూ ఉన్నారు. చావుకూ పుట్టుకకూ మైల పాటించే మన లెక్కన ఆ గదికి మైల తీరే రోజంటూ ఎప్పటికీ రాదు. దాన్ని ముట్టుకోవద్దనడం ఆ లెక్కకు సరిపోతుంది కూడా. మన పెద్దలకు ఇదంతా ముందే తెలుసని నేను అనను, తెలియదు. వాళ్ళు ముట్టుకోవద్దన్నది అసహ్యంతోనో భయంతోనో చెప్పలేను. నాగేంద్రమ్మ ముట్టుకోకపోవడం మాత్రం అసహ్యంతో కాదు. ఒకరోజు అబిదా వచ్చి గలగలా మాట్లాడబోతే, ఆమె వేలు పెదవులమీద పెట్టుకుంది. పసిపిల్లలు నిద్రపోతున్న గదిలో చేసినట్టు.

"ఏముంది పిన్నీ అందులో అంతగా చూడటానికి?"

"ఏమీ కనపడదే. అదే చూస్తన్నా."

అబిదా నవ్వబోయి, వంగి చూసి, నవ్వకుండానే పక్కన కూర్చుంది.

చేప మేత అందుకున్న రోజున ఇంట్లో పెద్ద సందడేమీ జరగలేదు. మధ్యాహ్నం వేళ అది తనంతట తానే అద్దం దగ్గరికి వచ్చి గురునాథం ఎదుట నిలబడింది. ఒంటిమీద మచ్చలు ఇంకా మసకగానే ఉన్నాయి. ఆయన చాలాసేపు దానివైపు చూశాడు. ఆయన పిలవలేదు. ఒళ్ళోనుంచి కుడిచెయ్యి లేచింది. గిన్నెలో గోళీ కోసం తడుముకుంది. రెండుసార్లు జారవిడిచి మూడోసారి పట్టుకుంది. వణుకుతూ నీటిదాకా వెళ్ళింది. చేప పైకి వచ్చి, మూతి చాచి, ఆయన వేళ్ళ కొసలను కూడా కలుపుకుని అందుకుంది. ఆయన ఉలిక్కిపడలేదు. తడిసిన వేళ్ళను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కొక్కటే కదిపి చూసుకున్నాడు.

నాగేంద్రమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన ఇంకో గోళీ వేశాడు. మరొకటి కోసం చెయ్యి గిన్నెలోకి వెళుతుంటే ఆమె వచ్చి గిన్నె మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"చాలు. ఇయ్యాల్టికి ఇంతే. ఎక్కువేస్తే కింద వాళ్ళు మోయలేరు."

ఆయన అర్థం కానట్టు ఆమెవైపు చూశాడు. ఆమె కుర్చీని కొంచెం వెనక్కు లాగి, అర తలుపు తెరిచి, ఆయన నడుముకు చెయ్యి ఆసరా ఇచ్చి వంచింది. ఇద్దరి తలలూ దగ్గరదగ్గరగా కిందికి వంగాయి. గోధుమరంగు గదిలోంచి నీరు చప్పుడు లేకుండా దాటిపోతోంది. అక్కడ కనిపించేదేమీ లేదు. ఆయన చూస్తూనే ఉన్నాడు. ఆమె ఆయన నడుముకు ఆసరాగా పెట్టిన చెయ్యి తీయలేదు.